ఏప్రిల్ ఎండ, జనవరి నీళ్ళు

మార్చి నెలాఖరు దాకా కిటికీలోంచి మంచు చూస్తూ గడిపారు. ఏప్రిల్ రెండో వారంలో ఒక శనివారం ఉన్నట్టుండి ఎండ కాసింది. ఫోన్లో 70 డిగ్రీలు చూపిస్తోంది. పక్కింటాయన కారు మీద కయాక్ కట్టుకుని అప్పుడే బయల్దేరాడు. పోయినేడు సేల్‌లో కొన్న మీ కయాక్ గరాజ్‌లో దుమ్ము కొట్టుకుని ఉంది. తియ్యాలా, వద్దా?

తియ్యండి. వద్దని చెప్పడానికి ఈ అధ్యాయం రాయడం లేదు. మసాచుసెట్స్‌లో పడవ ఎక్కడానికి వసంతాన్ని మించిన కాలం నా దృష్టిలో లేదు. దోమలు ఇంకా పుట్టవు. ఆకులు విచ్చుకోవు కాబట్టి ఒడ్డు మీదున్న పక్షులన్నీ కనిపిస్తాయి. జులైలో రాళ్ళు తేలే చిన్న నదుల్లో కూడా నిండుగా నీళ్ళుంటాయి. అయితే ఆక్టన్‌లోనో వెస్ట్‌బరోలోనో ష్రూస్‌బరీలోనో స్థిరపడిన మన తెలుగువాళ్ళకి ఒక చిక్కుంది. ఉగాది దాటిందంటే మనకి ఎండాకాలమే. ఊళ్ళో ఆ రోజుల్లో చెరువు నీళ్ళు మధ్యాహ్నానికల్లా గోరువెచ్చగా అయ్యేవి. ఎండ కాస్తే నీళ్ళూ వేడెక్కుతాయని మన ఒంటికి చిన్నప్పుడే అలవాటైపోయింది. ఇక్కడ అది చెల్లదు. చెరువు మీద ఐసు కరిగి కొన్ని వారాలే అయింది. గాలి 70 డిగ్రీలు చూపిస్తున్న రోజునే నీళ్ళు 45 దగ్గర ఉండొచ్చు. మన సెల్సియస్ లెక్కలో చెప్పాలంటే గాలి 21, నీళ్ళు 7.

మీరు ప్రయాణం చేసేది గాలిలో కాదు కదా?

1. ముందు చెయ్యి ముంచండి

రేవు దగ్గర పడవ దింపే ముందు చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా నీళ్ళలో పెట్టి ఒక నిమిషం ఉంచండి. ఫోన్లో టైమర్ పెట్టుకుని మరీ ఉంచండి. పదిహేను సెకన్లకే తీసెయ్యాలనిపిస్తుంది. నిమిషం అయ్యాక ఆ చేత్తోనే లైఫ్ జాకెట్ బకిల్ పెట్టి చూడండి. వేళ్ళు కొంకర్లు పోయి, బకిల్ జారిపోతుందా? ఆ స్థితిలో మీరు నీళ్ళలో ఉంటే ఏం చెయ్యగలరో ఇప్పుడు మీకే తెలుసు.

చల్లటి నీళ్ళ గురించి మనలో చాలామందికి ఉన్న అపోహ ఏమిటంటే, చలికి ఒళ్ళు గడ్డకట్టి చనిపోతారని. అంతవరకూ వెళ్ళకముందే ప్రాణం మీదికి వస్తుంది. మానిటోబా విశ్వవిద్యాలయంలో చలి నీళ్ళ మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 అని గుర్తుపెట్టుకోమంటారు. మొదటి 1 నిమిషం: నీళ్ళలో పడగానే మీ ప్రమేయం లేకుండా ఊపిరి ఒక్కసారిగా ఎగబీల్చేస్తారు. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే లోపలికి పోయేది నీళ్ళే. తర్వాత కూడా గుక్క తిప్పుకోలేనంత వేగంగా ఊపిరి ఆడుతుంది. ఆ నిమిషం దాటితే చేతులూ కాళ్ళూ మీ మాట వినేది ఇంకో 10 నిమిషాలు. స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. అంటే చలి మిమ్మల్ని పడగొట్టడానికి గంట తీసుకుంటుంది గానీ, జాకెట్ లేకపోతే మొదటి నిమిషమే చాలు. ఇంకో మాట. ఈ మొదటి నిమిషపు దెబ్బ గడ్డకట్టే నీళ్ళలోనే తగులుతుందనుకోకండి. 50 నుంచి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, అంటే 10 నుంచి 15 సెల్సియస్ మధ్య ఉన్న నీళ్ళలోనే అది పూర్తి తీవ్రతకి చేరుతుంది. మే మొదట్లో ఇక్కడి నీళ్ళు ఇంచుమించు అలాగే ఉంటాయి.

2. జాకెట్ ఒంటి మీద ఉండాలి, పడవలో కాదు

మే నెలలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. పిల్లలు తాతయ్యని పడవ ఎక్కిద్దామని సరదా పడతారు. తాతయ్యది రాజమండ్రి పక్కన ఊరు. జాకెట్ అందివ్వగానే ఆయన నవ్వుతారు. "గోదావరి ఈదినవాణ్ణిరా నేను. ఈ పిల్లకాలవకి నాకు జాకెట్టేంటి?"

ఆయనతో ఈత గురించి వాదించకండి, ఓడిపోతారు. ఆయనకి ఈత వచ్చన్నది నిజమే. కానీ గోదావరి ఆయన్ని ఎప్పుడూ ఇంత చల్లటి నీళ్ళలో ముంచలేదు. ఈ మాట చెప్పినా వినకపోతే చట్టం చూపించండి. మసాచుసెట్స్‌లో సెప్టెంబరు 15 నుంచి మే 15 దాకా కనూ, కయాక్ ఎక్కే ప్రతివాళ్ళూ లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకైతే ఏడాది పొడుగునా తప్పదు. పక్క రాష్ట్రాల్లోనూ ఇలాంటివే ఉన్నాయి: కనెక్టికట్‌లో అక్టోబరు 1 నుంచి మే 31 దాకా, న్యూయార్క్‌లో నవంబరు 1 నుంచి మే 1 దాకా. "ఫైన్ వేస్తారు నాన్నా, పేరు నాది రాస్తారు" అంటే ఏ తండ్రయినా తొడుక్కుంటాడు.

అసలు ఈత రాని వాళ్ళ సంగతేమిటి? మనలో సగంమంది అడిగే ప్రశ్న ఇదే, అదీ కాస్త సిగ్గుపడుతూ. ఈత రాకపోయినా నిలవ నీళ్ళలో, ఒడ్డు పక్కన, తోడుతో పడవ నడపొచ్చు. దానికి ముందు మాత్రం దగ్గర్లో ఉన్న వైఎంసీఏ పూల్‌లో అనుమతి అడిగి, జాకెట్ వేసుకుని ఒకసారి వెల్లకిలా తేలి చూడండి. జాకెట్ మోస్తుందని బుద్ధికి తెలిస్తే చాలదు, ఒంటికి తెలియాలి. అది తెలియని మనిషి పడవ కాస్త ఊగగానే పక్కవాణ్ణి పట్టుకుంటాడు. ఇద్దరూ పడతారు.

జాకెట్ సరిపోయిందో లేదో చూడటానికి ఒకటే పరీక్ష. బకిళ్ళన్నీ పెట్టాక, వెనక నుంచి ఎవరినైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. చెవుల దాకా లేచి వస్తే అది మీది కాదు. అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల్లో ఏటా కనిపించేది ఒకటే: పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయిన ప్రతి పదిమందిలో ఎనిమిదిమందికి పైగా జాకెట్ తొడుక్కోనివాళ్ళే. వాళ్ళలో జాకెట్ తెచ్చుకుని, సీటు కింద పెట్టుకున్నవాళ్ళూ ఉంటారు. తిరగబడిన పడవ కింద దాన్ని వెతుక్కుని తొడుక్కోవడం ఎవరి తరం?

3. జీన్స్ ఇంట్లో వదిలెయ్యండి

నీళ్ళకి తగిన బట్టలు వేసుకోండి, ఎండకి తగినవి కాదు. నూలు బట్ట తడిస్తే ఆరదు, వేడి నిలపదు. జీన్స్, కాటన్ టీషర్ట్, చుడీదార్, మీకెంతో ఇష్టమైన యూనివర్సిటీ స్వెట్‌షర్ట్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఒంటికి పాలియెస్టరో ఉన్నియో, పైన గాలి ఆపే జాకెట్, కాళ్ళకి తడిసినా పరవాలేదనుకునే బిగుతు చెప్పులు. హవాయి చెప్పుల్లో ఒకటి బురదలో ఉండిపోతుంది, ఒకటి తేలిపోతుంది. ప్రతి వారం వెళ్ళాలనుకుంటే వెట్‌సూట్ కొనడంలో పిసినారితనం వద్దు. చున్నీ, పొడుగాటి కొంగు, మెడలో వేలాడే కెమెరా తాడు దేనికైనా చిక్కుకునేవే, కాబట్టి వద్దు. పొడి బట్టలు ఒక జత, ఫ్లాస్కులో వేడి టీ మూత బిగించే డ్రైబ్యాగులో పెట్టి పడవకి కట్టండి. ఫోనూ అందులోనే. సెల్ఫీ కోసం లేచి నిలబడటం గురించి నేను ప్రత్యేకంగా చెప్పాలా?

4. చెరువుతో మొదలుపెట్టండి, నదికి తర్వాత వెళ్దాం

ఇక్కడి వాళ్ళు పాండ్ అంటే మన ఊరి కుంట అనుకోకండి. కాంకర్డ్‌లోని వాల్డెన్ పాండ్ లోతు 102 అడుగులు. మసాచుసెట్స్‌లో సహజంగా ఏర్పడి, పది ఎకరాలు దాటిన చెరువు ఏదైనా ప్రజలందరిదీ. పదిహేడో శతాబ్దపు వలస కాలం నాటి శాసనం నుంచి వస్తున్న హక్కిది. కాబట్టి మీ ఊళ్ళోనే ఒకటి ఉండే ఉంటుంది, టౌన్ వెబ్‌సైట్‌లో రేవు ఎక్కడుందో చూసుకోండి. మొదటిసారి ఒడ్డుకి సమాంతరంగానే తిరగండి. పడవ బోల్తా పడినా జాకెట్‌తో అయిదు నిమిషాల్లో ఒడ్డు చేరగలిగేంత దూరంలోనే ఉండండి. బయల్దేరేటప్పుడు గాలికి ఎదురు వెళ్ళండి, వచ్చేటప్పుడు అలసిన చేతులకి గాలే సాయం పడుతుంది. దీనికి ఉల్టా చేసినవాళ్ళు సాయంత్రం ఎదురుగాలిలో ఇరుక్కుంటారు.

నదికి వచ్చేసరికి కథ మారుతుంది. "ఇంత చిన్న నదిలో ఏముందండీ?" అంటారు మనవాళ్ళు. నిజమే, గోదావరి, కృష్ణ చూసిన కళ్ళకి ఇక్కడి నదులు పంటకాలవల్లా కనిపిస్తాయి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే గానీ మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరెయ్యరు. అదే క్యూసెక్కు ఇక్కడా వాడుకలో ఉంది. అమెరికా జియలాజికల్ సర్వే నదుల మీద పెట్టిన కొలత కేంద్రాలు సెకనుకి ఎన్ని ఘనపు అడుగుల నీళ్ళు పోతున్నాయో ఉచితంగా చూపిస్తాయి. ఒక ఘనపు అడుగంటే సుమారు 28 లీటర్లు. అక్కడ కనిపించే అంకె వందల్లో ఉందని నవ్వకండి. నది వెడల్పే కొన్ని గజాలు. ఆ ఇరుకులోంచి 500 క్యూసెక్కులంటే సెకనుకి 14 టన్నుల నీళ్ళు. నేను చూసేది ఈ ఒక్క రోజు అంకె కాదు, గ్రాఫులో గీత ఎటు పోతోందో అది. గడచిన రెండు రోజుల్లో గీత నిటారుగా లేస్తోందా? ఇంకో వారం ఆగండి.

కాంకర్డ్ నదినే తీసుకుందాం. సడ్‌బరీ, అసాబెట్ నదులు ఎగ్ రాక్ అనే బండ దగ్గర కలిసి కాంకర్డ్ అవుతాయి. అక్కడి నుంచి కాస్త దిగువకి వెళ్తే 1775 ఏప్రిల్ 19న అమెరికా విప్లవ యుద్ధపు తొలిరోజు కాల్పులు జరిగిన నార్త్ బ్రిడ్జి. రచయిత థోరో 1839లో అన్నతో కలిసి సొంతంగా కట్టుకున్న పడవలో ఈ నది మీదే బయల్దేరాడు. ఆ పడవని తర్వాత కొనుక్కున్న మరో రచయిత నథానియెల్ హాథార్న్, ఈ నది పక్కన మూడు వారాలు కాపురమున్నాక గానీ ప్రవాహం ఎటువైపో తనకి తేలలేదని రాశాడు. అంత నెమ్మది. కొత్తవాళ్ళకి ఇంతకంటే మంచి నది దొరకదు. కానీ అదే నది ఉత్తరంగా పోయి లోవెల్ ఊళ్ళో ప్రవేశించేసరికి రాళ్ళ మీంచి ఉరకలు వేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ హెల్మెట్లు పెట్టి, గైడ్లని తోడిచ్చి మరీ రాఫ్టింగ్ చేయిస్తారు. నది పేరు ఒకటే కదా అని దిగువకి కొట్టుకుపోతే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే నదిలో మొదటి సూత్రం: ముందు ఎదురెక్కండి. ఎదురెక్కలేకపోతే ఆ రోజు ఆ నది మీది కాదని అక్కడే తెలిసిపోతుంది. బయల్దేరిన రేవూ వెనకే ఉంటుంది.

వసంతపు నదిలో రెండు గండాలుంటాయి. ఒకటి ఒడ్డున విరిగి నీళ్ళలోకి పడిన చెట్టు. అది టీ వడకట్టే జల్లెడ లాంటిది. నీళ్ళు కొమ్మల్లోంచి పోతాయి, మీరూ మీ పడవా ఆగిపోతారు. వెనక నుంచి ప్రవాహం తోస్తూనే ఉంటుంది. చెట్టు దూరంగా ఉండగానే అవతలి ఒడ్డుకి మళ్ళండి. పడవ అడ్డం తిరిగి చెట్టుకో బండకో ఆనుకుపోతే, భయంతో వెనక్కి ఒరగడం అందరూ చేసే తప్పు. ఒరిగిన వైపు అంచు ప్రవాహానికి అందుతుంది, పడవ నిండిపోతుంది. ఇష్టం లేకపోయినా అడ్డున్న వైపుకే ఒరిగి, దాన్ని పట్టుకోండి.

రెండోది ఆనకట్ట. హాప్కింటన్ దగ్గర పుట్టి బోస్టన్ చేరే 80 మైళ్ళ చార్లెస్ నది మీదే ఇరవై దాకా ఆనకట్టలున్నాయి. మిల్లుల కాలంలో కట్టినవి చాలా ఉన్నాయి. పైనుంచి, అంటే పడవలోంచి చూస్తే ఒక తిన్నటి గీత తప్ప ఏమీ కనబడదు. కింద నీళ్ళు దూకిన చోట సుడి వెనక్కి లాగుతూ ఉంటుంది. అందులో పడిన మనిషిని, పడవని, దుంగని అది అక్కడే తిప్పుతుంది. నాలుగడుగుల ఎత్తే కదా అని దూకే ప్రయత్నం ఎవరూ చెయ్యకూడదు. బయల్దేరే ముందే మ్యాపులో ఆనకట్టలు గుర్తుపెట్టుకుని, బాగా ఎగువనే ఒడ్డుకి చేరి, పడవని మోసుకుంటూ దాటండి.

5. ఎక్కడం, తెడ్డు వెయ్యడం

పడవలు బోల్తా పడేది నది మధ్యలోనే కాదు, రేవులో కూడా. పడవని ఒడ్డుకి సమాంతరంగా, అడుగు నేలకి తగలకుండా తేలేలా పెట్టండి. ఒక చెయ్యి పడవ మధ్యలో ఆన్చి, ముందు కూర్చోండి, తర్వాత కాళ్ళు లోపలికి తీసుకోండి. నిలబడి అడుగు వెయ్యాలనుకున్నారా, ఒక కాలు ఒడ్డు మీద, ఒక కాలు దూరమవుతున్న పడవలో. మిగతాది చూసేవాళ్ళకి వినోదం.

కయాక్ తెడ్డుకి రెండు వైపులా రెక్కలుంటాయి. పుటాకారపు వైపు మీవైపు ఉండాలి. చాలామంది తిరగేసి పట్టుకుని, పడవ కదలడం లేదని పడవనే తిడతారు. భుజాలతో లాగకండి, నడుము తిప్పుతూ తెడ్డు వెయ్యండి. పిడికిలి వదులుగా ఉండాలి. గంట తర్వాత అరచేతిలో బొబ్బలొస్తే మీరు గట్టిగా పట్టుకున్నారని అర్థం.

6. ఇద్దరెక్కే పడవ

రెండు సీట్ల కయాక్‌కి ఇక్కడి వాళ్ళు విడాకుల పడవ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఎందుకో మొదటి పావుగంటలో తెలుస్తుంది.

"సరిగ్గా వెయ్యి, ఒడ్డుకి పోతోంది!"

"తిప్పేది వెనకున్న నువ్వు. నన్నంటావేం?"

ముందు సీటులో ఉన్న ఆవిడ చెప్పిందే నిజం. ముందున్నవారి పని లయ ఇవ్వడం. వెనకున్నవారు ఆ లయకే తెడ్డు వెయ్యాలి, దిశ చూసుకోవాలి. పడవ పక్కకి పోతే తప్పు దాదాపు ఎప్పుడూ వెనక సీటుదే. బరువెక్కువ ఉన్నవారు వెనక కూర్చోవాలి కాబట్టి, మన ఇళ్ళలో ఆ తప్పు ఎవరి ఖాతాలో పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. కనూ అయితే ఇంకో తమాషా, వెనక్కి తిరిగి కూర్చుని బయల్దేరేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఏ సీటుకీ పడవ కొసకీ మధ్య కాళ్ళకి ఎక్కువ చోటుందో అది ముందు సీటు.

7. బోల్తా పడితే

పడవని వదలకండి. అది తేలుతుంది, దూరానికి కనబడుతుంది. మొదటి నిమిషం ఏమీ చెయ్యకండి. పడవ పట్టుకుని, మొహం పైకి పెట్టి, ఊపిరి మీ అదుపులోకి వచ్చేదాకా ఆగండి. తర్వాత పది నిమిషాలున్నాయి, వాటిని బయటపడటానికే వాడండి. పోయిన చెప్పు కోసమో టోపీ కోసమో కాదు. పారే నదిలో అయితే మీరు పడవకి ఎగువ వైపు ఉండాలి, లేకపోతే పడవకీ రాయికీ మధ్య నలుగుతారు. వెల్లకిలా తేలుతూ కాళ్ళు దిగువ వైపు, పాదాలు నీటి పైకి పెట్టండి. ప్రవాహంలో నిలబడే ప్రయత్నం చెయ్యకండి. పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటే నీళ్ళు మిమ్మల్ని ముందుకి వంచేస్తాయి. ఒడ్డు చేరగానే తడి బట్టలు తీసెయ్యండి. సిగ్గు తర్వాత.

ఒంటరిగా వెళ్ళకండి. ఏ రేవులో దిగుతున్నారో, ఎన్నింటికి ఇంటికొస్తారో ఇంట్లోవాళ్ళకి వాట్సాప్ పెట్టి బయల్దేరండి. జాకెట్‌కి ఒక విజిల్ కట్టుకోండి. కూలర్లో బీరు ఇంటికొచ్చాక తీసుకుందురు గాని.

8. ఒడ్డున, ఇంటికొచ్చాక

ఏప్రిల్, మేలలో హంసలూ కెనడా బాతులూ ఒడ్డున గుడ్లు పెట్టుకుని ఉంటాయి. మగ హంస రెక్కలు పైకెత్తి మీవైపు వస్తోందంటే ఫొటో కోసం ఫోజిస్తోందని కాదు, వెనక్కి తిరగండి. తాబేళ్ళు మాత్రం దుంగ మీద వరసగా ఎండ కాగుతూ, మీ పడవ దగ్గరయ్యేకొద్దీ ఒకటొకటే నీళ్ళలోకి జారిపోతాయి. పిల్లలకి లెక్కపెట్టే పని అప్పజెప్పండి.

రేవులో నల్లగా, కొమ్ముల్లాంటి ముళ్ళతో గట్టి కాయలు కనిపిస్తే చెప్పుల్లేకుండా నడవకండి. అవి వాటర్ చెస్ట్‌నట్ కాయలు. ఉత్తరాది చెరువుల్లో సాగు చేసే సింగాడాకి దగ్గరి చుట్టం. అక్కడ తిండి, ఇక్కడ చార్లెస్, సడ్‌బరీ నదుల్ని కప్పేసే కలుపు. స్వచ్ఛంద కార్యకర్తలు ఎండాకాలమంతా దాన్ని చేత్తో పీకుతుంటారు. పడవకి అంటిన నాచు, మొక్క ముక్కలు రేవులోనే దులిపి, లోపలి నీళ్ళు ఒంపి, పూర్తిగా ఆరాకే ఇంకో చెరువులో దింపండి.

ఆఖరిది, మనవాళ్ళు ఎక్కువగా మర్చిపోయేది. గడ్డిలోంచి, పొదల్లోంచి పడవ మోసుకొచ్చారు కాబట్టి స్నానానికి ముందు మోకాళ్ళ వెనక, చంకల్లో, నడుము చుట్టూ, పిల్లలకైతే జుట్టులో కూడా టిక్‌ల (పిడుదుల) కోసం వెతకండి. లైమ్ జబ్బు మోసే జింక టిక్ గసగసాల గింజంత చిన్నదిగా కూడా ఉండొచ్చు. కనబడితే గోళ్ళతో నలపకుండా, సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిటారుగా పైకి లాగండి. అది ఒంటిని పట్టుకుని 36 గంటలు దాటి ఉంటుందని అనిపిస్తే, తీసిన మూడు రోజుల్లోపే డాక్టరుకి ఫోన్ చెయ్యండి, ముందుజాగ్రత్తగా ఒక డోసు మందు ఇస్తారేమో అడగండి. తీసిన తేదీ కేలండర్లో రాసిపెట్టుకోండి. నెలలోపు దద్దురో జ్వరమో వస్తే డాక్టరు ముందుగా అడిగేది ఆ తేదీనే.